మైల్స్ డేవిస్ ‘డూ-బాప్’: చివరి ఆల్బమా, సగంలో ఆగిన ఆల్బమా?

రాత్రిరేడియో | శుక్రవారం, రాత్రి 10:42

‘డూ-బాప్’ ఈ మధ్య మళ్లీ వింటున్నాను. తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1991 సెప్టెంబర్ 28న పోయారు. ఈ ఆల్బమ్ తొమ్మిది నెలల తర్వాత, 1992 జూన్ 30న, వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీ నుంచి వచ్చింది. తొమ్మిది ట్రాకులు, అన్నీ కలిపి నలభై నిమిషాలు. బ్రూక్లిన్‌కు చెందిన ఈజీ మో బీ అనే పాతికేళ్ల కుర్రాడు కట్టిన హిప్ హాప్ బీట్ల (ర్యాప్ కింద నడిచే తాళం, వాద్యాల ట్రాకుల) మీద 64 ఏళ్ల మైల్స్ ట్రంపెట్ ఊదారు. 1993లో ఆర్ అండ్ బీ ఇన్‌స్ట్రుమెంటల్ విభాగంలో గ్రామీ కూడా వచ్చింది.

జాజ్ వాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లు ‘ముసలితనంలో కుర్రవేషం’ అని తీసిపారేస్తారు. ఆ మాట నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ట్రంపెట్ వరకే చూస్తే ‘మిస్టరీ’లో, ‘చాక్లెట్ చిప్’లో ఆయన ఊదినదానికి ఎనభైల్లో చేసిన చాలా రికార్డుల కంటే ఎక్కువ ప్రాణముంది. అయినా ఆల్బమ్ అయిపోయాక ఏదో వెలితి. ఆ వెలితి ట్రంపెట్‌లోదా, బీట్‌లోదా, రెండూ కలిసిన చోటుదా? అది తేల్చుకుందామనే ఈ థ్రెడ్.

ఎల్పీ_పిచ్చోడు | రాత్రి 10:51

తేల్చడానికేముంది? ర్యాప్ బాగాలేదు, అంతే. అంతటి మనిషిని పక్కన నిలబెట్టుకుని ‘ఈయన ఎంత గొప్పవాడంటే’ అని ఆయనకే చెప్తుంటారు. అచ్చం మన సన్మానసభలో వక్తల వరస.

వాల్తేరు_వినికిడి | రాత్రి 11:20

ఎల్పీ గారూ, తొమ్మిదింట్లో ర్యాప్ ఉన్నవి మూడే: ‘ద డూ-బాప్ సాంగ్’, ‘బ్లో’, ‘ఫాంటసీ’. మిగతావి వాద్యసంగీతమే. మూడు పాటల కోపం ఆరు పాటల మీద చూపిస్తే ఎలా?

అసలు ఈ ఆల్బమ్ ఎలా పుట్టిందో చెప్తే చర్చకు పనికొస్తుంది. అందరూ చెప్పుకునే కథ ఇది. న్యూయార్క్‌లో ఎండాకాలం, మైల్స్ అపార్ట్‌మెంట్‌లో కిటికీలన్నీ తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. కింద వీధిలోంచి వచ్చే చప్పుళ్లు, కార్ల స్టీరియోల మోత, పిల్లల కేకలు చెవిన పడుతున్నాయి. ఆ వీధి శబ్దం ఆల్బమ్‌లోకి రావాలనుకున్నారు. డెఫ్ జామ్ అనే హిప్ హాప్ రికార్డు కంపెనీ పెట్టిన రస్సెల్ సిమన్స్ ఆయనకు పరిచయం. ‘ఈ రకం మ్యూజిక్ చేసే కుర్రాళ్లను చూపించు’ అని అడిగారు. అలా దొరికినవాడే ఈజీ మో బీ. అప్పటికి అతను ర్యాపర్లలో బిగ్ డాడీ కేన్‌కు, జిజా మొదటి ఆల్బమ్‌కు బీట్లు చేశాడు. ర్యాపిన్ ఈజ్ ఫండమెంటల్ అని సొంత గ్రూపు కూడా ఉంది. యాభైల నాటి డూ-వాప్ పాటల (కొన్ని గొంతులు కలిపి పాడే పాటల) బాణీని ర్యాప్‌తో కలపడం వాళ్ల పద్ధతి. ‘డూ-బాప్ సాంగ్’లో వినిపించే గొంతులు ఆ గ్రూపువే.

1991 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రికార్డింగ్ నడిచింది. సెప్టెంబర్‌లో మైల్స్ పోయేనాటికి పూర్తయినవి ఆరు పాటలు. ఆరే! మిగతా మూడు ఎక్కడివి అన్నది వేరే కథ, అది తర్వాత.

బీట్_బెజవాడ | రాత్రి 11:48

నేను ఇంట్లో బీట్లు చేసుకునేవాణ్ని. జాజ్ పెద్దగా తెలియదు గానీ ఈజీ మో బీ అంటే ప్రాణం. ర్యాపర్ బిగ్గీ ఆల్బమ్ ‘రెడీ టు డై’ (1994)లో ‘వార్నింగ్’, ‘గిమ్మీ ద లూట్’, ‘మషీన్ గన్ ఫంక్’ చేసింది ఇతనే. ర్యాపర్ క్రెయిగ్ మ్యాక్ పాట ‘ఫ్లేవా ఇన్ యా ఇయర్’ కూడా ఇతనిదే. అంటే మైల్స్ ఎంచుకున్నది ఎవరో దారినపోయే కుర్రాణ్ని కాదు. మూడేళ్లలో న్యూయార్క్ హిప్ హాప్‌నే మార్చబోయేవాణ్ని. జనం ఇంకా గుర్తుపట్టకముందే గుర్తుపట్టారు. ఆ చెవికి దండం పెట్టాలి.

ఇక బీట్ సంగతి. ఆ రోజుల్లో న్యూయార్క్ వాళ్ల పని ఎక్కువగా ఎస్‌పీ-1200 అనే శాంప్లర్ (పాత రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు పట్టి మోగించే మెషిన్) మీద నడిచేది. దాంట్లో పట్టేది అంతా కలిపి పది సెకన్ల శబ్దం. నిజంగా పదే. అందుకని పాత ఎల్పీని 33 వేగంలో కాకుండా 45 వేగంలో తిప్పి రికార్డు చేసేవాళ్లు. అప్పుడు ముక్క తక్కువ సెకన్లలో ఇరుకుతుంది. తర్వాత మెషిన్‌లో స్లో చేసి మామూలు శ్రుతికి దింపేవాళ్లు. ఆ దింపుడులో శబ్దానికి ఒక గరుకుదనం, బొంగురు వచ్చేవి. అది మాకు ఎంతో ఇష్టం, ఇప్పుడు ప్లగిన్లు (కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్) కొని మరీ తెచ్చుకుంటున్నాం. అందుకే ఆ కాలం లూపులు, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలు, ఒకటి రెండు ఆవర్తాలకు మించవు. చోటు లేదు మరి. లూప్ పొట్టిగా ఉందని మైల్స్ అభిమానులు తిడితే ఆ మెషిన్‌ను తిట్టినట్టే.

‘డూ-బాప్ సాంగ్’లో కింద జారుతూ వినిపించే కీబోర్డు కూల్ అండ్ ద గ్యాంగ్ 1974 పాట ‘సమ్మర్ మ్యాడ్‌నెస్’ది. దాన్ని ఎందరు వాడుకున్నారో లెక్కలేదు.

రాత్రిరేడియో | శనివారం, ఉదయం 7:15

బెజవాడ అన్నా, ఈ పది సెకన్ల సంగతి చాలా పనికొచ్చింది. నా వెలితి ఎక్కడిదో కొంత అర్థమైంది.

మైల్స్ జీవితమంతా తనకు బదులు చెప్పేవాళ్ల మధ్య వాయించారు. డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 1963లో బ్యాండ్‌లోకి వచ్చినప్పుడు అతనికి 17 ఏళ్లు. మైల్స్ ఒక స్వరం దగ్గర ఆగితే వెంటనే సింబల్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి పళ్లెం) మీద ఏదో అనేవాడు. పియానో మీద హెర్బీ హాంకాక్ ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మార్చి దారి మళ్లించేవాడు. మైల్స్ సోలోల్లో అంత ఖాళీ ఎందుకుంటుందంటే ఆ ఖాళీలో ఎవరో ఒకరు ఏదో అంటారన్న నమ్మకం వల్ల. ‘డూ-బాప్’లోనూ అదే అలవాటు. రెండు స్వరాలు ఊది ఆగుతారు. బీట్ మాత్రం ఆయన ఆగారని తెలియనట్టు తన దారిన తాను పోతుంది. బదులు రాదు.

నాకు వినిపించే వెలితి ఇదేననుకుంటున్నా. ర్యాప్ దానికంటే చిన్న సమస్య.

ఎల్పీ_పిచ్చోడు | ఉదయం 7:40

అయితే 1986లో వచ్చిన మైల్స్ ఆల్బమ్ ‘టుటు’ మాటేమిటి? అక్కడా అంతే కదా. బాస్ గిటార్ వాయించే మార్కస్ మిల్లర్ దాదాపు అన్ని వాద్యాలూ తనే వాయించి, ప్రోగ్రామ్ చేసి ట్రాకులు సిద్ధం చేశాడు. మైల్స్ వచ్చి వాటి మీద ఊదారు. అక్కడ రాని వెలితి ఇక్కడెందుకొచ్చింది?

వాల్తేరు_వినికిడి | ఉదయం 8:32

మంచి ప్రశ్న వేశారు. నా సమాధానం: మార్కస్ పాటలు రాశాడు. ఇక్కడ మైల్స్ ఊదుతారు, ఇక్కడ ఆగుతారు, ఆగినప్పుడు బాస్ ఇలా అంటుంది అని ముందే ఊహించి చోటు వదిలాడు. మైల్స్ ఏం చేస్తారో తెలిసినవాడు, 1981లో ఆయన మళ్లీ రంగంలోకి వచ్చినప్పుడు పక్కన బాస్ వాయించినవాడు. కాబట్టి ‘టుటు’లో బదులు ముందే రాసిపెట్టి ఉంది. ఈజీ మో బీకి మైల్స్ పద్ధతి తెలుసుకునే టైమ్ ఏది? రెండు నెలల పరిచయం. అంతలో ఆయన లేరు.

కొత్తశ్రోత | ఉదయం 9:05

అందరికీ నమస్కారం. నేను ఈ వేదికకు కొత్త. మైల్స్ డేవిస్ పేరు వినడమే తప్ప ఒక్క ఆల్బమ్ కూడా వినలేదు. హిప్ హాప్ మాత్రం బాగా వింటాను. ‘డూ-బాప్’తో మొదలుపెట్టవచ్చా?

ఎల్పీ_పిచ్చోడు | ఉదయం 9:07

వద్దు. మైల్స్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. దాంతో మొదలుపెట్టండి, మిగతావన్నీ తర్వాత.

బీట్_బెజవాడ | ఉదయం 9:30

పెట్టవచ్చు తమ్ముడూ. నేనూ అలాగే వచ్చా. ముందు ‘చాక్లెట్ చిప్’ విను, నచ్చితే మిగతాది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎక్కడికీ పోదు.

పాలకొల్లు_మూర్తి | ఉదయం 10:55

రాత్రిరేడియో గారు ‘బదులు రాదు’ అన్నారు. మరి మా తంబురా ఎప్పుడు బదులు చెప్పింది? పాడేవాడు నవ్వినా ఏడ్చినా అది ఆ నాలుగు తీగల మోతే. దాన్ని ఆధారం చేసుకుని మూడు గంటల కచేరీ నడిపేస్తారు. బదులు రాకపోవడమే లోపమైతే కర్ణాటక సంగీతం మొత్తం లోపమే.

ఇంకో మాట. మైల్స్ ఈ ఆల్బమ్‌లో బీట్‌కు కాస్త వెనకపడి అందుకుంటారు. తాళం మొదలయ్యాక ఒక క్షణం ఆగి ఎత్తుకోవడాన్ని మేము అనాగతం అంటాం. తాళం నిక్కచ్చిగా, కదలకుండా ఉంటేనే ఆ ఆలస్యం వినేవాడికి తెలుస్తుంది. తాళమూ వెనక్కీ ముందుకూ జరుగుతుంటే పాడేవాడు ఆలస్యంగా ఎత్తుకున్నాడో, తాళమే తొందరపడిందో ఎవరికి తెలుస్తుంది? ‘మిస్టరీ’లో మొదటి నిమిషం వినండి. ఆ లూప్ మొండిగా ఉండబట్టే ఆయన ఊదిన ప్రతి స్వరం ఎక్కడ పడిందో కనపడుతోంది.

మైల్స్ గురించి మాట్లాడితే మా ఊరి సంగతి రాకుండా ఉండదు. మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది పాలకొల్లులోనే. కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాడా అని మొదట్లో ముఖం చిట్లించిన పెద్దలు ఎంతమందో. ఆ శ్రీనివాస్ తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఆ మెక్‌లాఫ్లిన్ ఎవరు? 1969లో ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో, ‘బిచెస్ బ్రూ’లో మైల్స్ వెనక గిటార్ వాయించినవాడు. దూరం అంతే.

రాత్రిరేడియో | ఉదయం 11:20

మూర్తి గారూ, తంబురా బదులు చెప్పదు, ఒప్పుకుంటా. కానీ పక్కన మృదంగం ఉంటుంది, వయొలిన్ ఉంటుంది. అవి చెప్తాయి. ‘డూ-బాప్’లో తంబురా, మృదంగం, వయొలిన్ అన్నిటి పనీ ఒకే లూప్ మీద పడింది. కీబోర్డు మీద డెరాన్ జాన్సన్ ఉన్నాడు గానీ అతనిది పైపూత మాత్రమే.

అనాగతం సంగతి మాత్రం అద్భుతంగా చెప్పారు. ఆ చెవితో మళ్లీ వింటాను.

డల్లాస్_డప్పు | ఉదయం 11:58

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర రాక ఇదంతా చదువుతున్నా. కరీంనగర్ దగ్గర పెళ్లి బ్యాండుల ట్రంపెట్ విని పెరిగినవాణ్ని, జాజ్ అమెరికా వచ్చాకే విన్నా.

‘లూప్ బదులు చెప్పదు’ అన్న వాదన మైల్స్‌కు తెలియనిదేం కాదు. 1967లో రికార్డు చేసిన ‘నెఫెర్టిటి’ పాట వినండి. అందులో మైల్స్, శాక్సోఫోన్ వాయించే వేన్ షార్టర్ ఇద్దరూ ఒకే బాణీని మళ్లీ మళ్లీ ఊదుతూ పోతారు. సోలో లేదు, ఏమీ లేదు. వాళ్ల కింద టోనీ విలియమ్స్ డ్రమ్స్ మీద చెలరేగిపోతాడు. అంటే ఆ పాటలో లూప్ అయింది ట్రంపెటే! తబలా, సితార్ పెట్టిన 1972 ‘ఆన్ ద కార్నర్’లో మైకేల్ హెండర్సన్ బాస్ ఒకే ముక్క పట్టుకుని నిమిషాల తరబడి కదలదు. అక్కడ తబలా వాయించింది బాదల్ రాయ్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో పుట్టినాయన. ఆ ఆల్బమ్‌ను కూడా అప్పట్లో జాజ్ విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ తర్వాత హిప్ హాప్ వాళ్లే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

మళ్లీ మళ్లీ ఒకటే వాయించడం, దాని మీద ఎలా నిలబడాలన్నది మైల్స్ పాతికేళ్లు నలిపిన సంగతి. ‘డూ-బాప్’ దగ్గరికి వచ్చేసరికి కొత్తగా వచ్చిందల్లా ఒకటే: ఆ ముక్కను మనిషి కాకుండా మెషిన్ వాయించడం.

బీట్_బెజవాడ | మధ్యాహ్నం 12:10

‘ఆ ముక్కను మనిషి కాకుండా మెషిన్ వాయించడం’ — అదేమీ చిన్న సంగతి కాదు అన్నా. హెండర్సన్ ఒకే ముక్క వెయ్యిసార్లు వాయించినా వెయ్యిసార్లూ అచ్చం ఒకేలా రాదు. చెయ్యి అలసిపోతుంది, పక్కవాణ్ని చూసి కాస్త గట్టిగా కొడతాడు. మెషిన్ అలసిపోదు. మా కళ అంతా ఆ అలసట లేనితనంతోనే. దాన్ని లోపం అనుకోం, అందులోంచే ఊపు తెస్తాం.

ఎల్పీ_పిచ్చోడు | మధ్యాహ్నం 12:34

ఇదంతా పక్కన పెడితే ‘డూ-బాప్’ ఎల్పీ ఎవరి దగ్గరైనా ఉందా? ఈ మధ్య పాత రికార్డుల ధరలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. నేను ఒకచోట ఆర్డర్ పెడితే స్లీవ్ ఒకటి, లోపల ప్లేటు ఇంకోటి వచ్చింది. లోపల ఏముందో తెలుసా? క్రిస్మస్ పాటలు. నాలుగుసార్లు మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు…

మోడరేటర్ | మధ్యాహ్నం 1:02

రికార్డుల కొనుగోళ్లు, ధరలు, దుకాణాల మీద ఫిర్యాదులకు వేరే థ్రెడ్ ఉంది. ఆ తర్వాత వచ్చిన పోస్టులు అక్కడికి జరిపాను. ఇక్కడ ఆల్బమ్ గురించే మాట్లాడండి.

వాల్తేరు_వినికిడి | మధ్యాహ్నం 3:18

నిన్న వదిలేసిన మిగతా మూడు పాటల సంగతి ఇప్పుడు చెప్తాను. రాత్రిరేడియో గారి ప్రశ్నకు జవాబు నాకు అక్కడే ఉందనిపిస్తోంది.

పూర్తయిన ఆరుతో ఆల్బమ్ నిండదు. వార్నర్ వాళ్ల దగ్గర మైల్స్ పాత రికార్డింగులు కొన్ని విడుదల కాకుండా ఉన్నాయి. కొలంబియా కంపెనీ వదిలి వార్నర్‌కు వచ్చిన కొత్తలో, 1985 చివర్లో, లాస్ ఏంజెలిస్‌లో ‘రబ్బర్‌బ్యాండ్’ అనే ఆల్బమ్ మొదలుపెట్టారు. ర్యాండీ హాల్, జేన్ గైల్స్ ప్రొడ్యూసర్లు. అది పక్కనపడి దాని బదులు ‘టుటు’ వచ్చింది. ఆ మూలనపడ్డ టేపుల్లోంచి మైల్స్ ట్రంపెట్‌ను తీసి, దాని చుట్టూ బీట్ కట్టమని ఈజీ మో బీకి ఇచ్చారు. అలా తయారైనవే ‘హై స్పీడ్ చేజ్’, ‘ఫాంటసీ’. చివరిది ‘మిస్టరీ’ మళ్లీ కాసేపు. అలా తొమ్మిది.

అంటే ఆరు పాటల్లో ముందు బీట్, తర్వాత ట్రంపెట్. రెండింట్లో ముందు ట్రంపెట్, ఆరేళ్ల తర్వాత బీట్. ఒకే ఆల్బమ్‌లో ఒకే ఇద్దరు మనుషులు రెండు రకాలుగా. ఈ తేడా దృష్టిలో పెట్టుకుని ‘చాక్లెట్ చిప్’, ‘హై స్పీడ్ చేజ్’ ఒకదాని వెంట ఒకటి వినండి. నా చెవికి ‘హై స్పీడ్ చేజ్’లో బీట్ ట్రంపెట్‌ను వెంటాడుతుంది. ట్రంపెట్ ఎక్కడ ఎగిరితే అక్కడ కింద ఏదో మారుతుంది. ‘చాక్లెట్ చిప్’లో మైల్సే బీట్‌ను చదువుకుంటూ, చోటు చూసుకుంటూ నడుస్తారు. విచిత్రమేమిటంటే బదులు వినిపించే పాట మైల్స్ చూడని పాట.

రాత్రిరేడియో | మధ్యాహ్నం 3:41

ఇప్పుడే రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. బీట్ సంగతి మీరన్నది నిజమే. కానీ ట్రంపెట్ సంగతి ఇంకోలా ఉంది. ‘హై స్పీడ్ చేజ్’లో ఊదింది 1985 మైల్స్. శ్వాస ఎక్కువ, పై స్వరాలకు ధీమాగా పోతారు. ‘చాక్లెట్ చిప్’లో 1991 మైల్స్. ఎక్కువగా హార్మన్ మ్యూట్ (ట్రంపెట్ మూతిలో పెట్టి శబ్దం అణిచే బిరడా), పొట్టి మాటలు, కింది స్వరాల్లోనే తిరుగుడు. ఆరేళ్లలో మనిషి ఎంత తగ్గాడో తెలుస్తోంది. అయినా తక్కువ శ్వాసతో చెప్పిన మాటలే నాకు ఎక్కువ నచ్చాయి.

పాలకొల్లు_మూర్తి | సాయంత్రం 5:10

పెద్ద వయసులో విద్వాంసులు పాడేది వినండి. బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు) పోతాయి, మూడో కాలం వేగం పోతుంది. మిగిలేది ఏ స్వరం ఎక్కడ పెట్టాలన్న వివేకం. నాకు ‘సోన్యా’ అనే పాటలో అది కనిపించింది.

ఎల్పీ_పిచ్చోడు | సాయంత్రం 6:00

మీరంతా మర్చిపోయిన సంగతి ఒకటుంది. అదే 1991 జూలై 8న, స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో, మైల్స్ తన పాత సంగీతం వాయించారు. క్విన్సీ జోన్స్ నడిపించిన పెద్ద ఆర్కెస్ట్రాతో. యాభైల్లో గిల్ ఎవన్స్ ఆర్కెస్ట్రా కోసం రాసిపెట్టిన వాద్యాల అమరికలే, అవే పాటలు. ‘వెనక్కి చూడను’ అని జీవితమంతా మొండికేసిన మనిషి! ఒంట్లో బాగాలేక కొన్ని చోట్ల పక్కనున్న ఇంకో ట్రంపెటర్ వాలెస్ రోనీ ఆయన భాగాలు అందుకున్నాడు. ఆ కచేరీ వింటే కళ్లు చెమరుస్తాయి. ‘డూ-బాప్’ వింటే నాకు చెమర్చవు. చివరి ఏడాది మైల్స్ అంటే నాకు మాంట్రూయే.

డల్లాస్_డప్పు | సాయంత్రం 6:45

ఎల్పీ అన్నా, ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో కుర్రాళ్ల బీట్లు, జూలైలో గిల్ ఎవన్స్. అదే ఆరు నెలల్లో రెండూ చేసిన మనిషిలో ఒకదాన్నే ‘అసలు మైల్స్’ అని మీరెలా ఏరుతున్నారు? నాకైతే మాంట్రూ వీడ్కోలు, న్యూయార్క్ ప్రయాణం. రెండూ ఒకే మనిషి.

పైగా ఆయన సొంత బ్యాండ్ కూడా అప్పటికి ఈ దారిలోనే ఉంది. డ్రమ్స్ మీద రికీ వెల్‌మన్. వాషింగ్టన్‌లో చక్ బ్రౌన్‌తో గో-గో అనే డాన్సు సంగీతం వాయించి వచ్చినవాడు. డాన్సు ఆగకుండా పాట తర్వాత పాట ఒకే ఊపులో నడపడం వాళ్ల విద్య. అలాంటి డ్రమ్మర్‌ను ఏరి తెచ్చుకున్నవాడికి హిప్ హాప్ బీట్ పరాయిదెలా అవుతుంది?

ఎల్పీ_పిచ్చోడు | సాయంత్రం 6:58

అయితే ఆ వెల్‌మన్‌తోనే చేయాల్సింది! మెషిన్ ఎందుకు?

బీట్_బెజవాడ | రాత్రి 7:20

ఎందుకంటే కింద వీధిలో కార్లలో వినిపించింది మెషినే కాబట్టి. ఆయన కిటికీలోంచి విన్నది గో-గో డ్రమ్మర్‌ను కాదు.

వాల్తేరు_వినికిడి | రాత్రి 8:05

అప్పటి చుట్టూ జరుగుతున్నది కూడా చూడాలి. హెర్బీ హాంకాక్ ‘రాకిట్’ 1983లోనే వచ్చింది, డీజే స్క్రాచింగ్‌తో (తిరిగే రికార్డును చేత్తో గీకి తెచ్చే చప్పుడుతో) సహా. 1989లో క్విన్సీ జోన్స్ ‘బ్యాక్ ఆన్ ద బ్లాక్’లో ఒకే పాటలో జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, ట్రంపెటర్ డిజ్జీ గిలెస్పీ, మైల్స్‌లను ర్యాపర్లతో కలిపాడు. అటువైపు కుర్రాళ్లూ జాజ్ వైపు నడుస్తున్నారు. హిప్ హాప్ గ్రూపు ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ఆల్బమ్ ‘ద లో ఎండ్ థియరీ’ వచ్చింది 1991 సెప్టెంబర్ 24న. అందులో ‘వెర్సెస్ ఫ్రమ్ ది అబ్‌స్ట్రాక్ట్’ పాటకు బాస్ వాయించింది రాన్ కార్టర్. మైల్స్ అరవైల క్వింటెట్ (అయిదుగురి బ్యాండ్)లోని రాన్ కార్టరే! ఆ ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చిన నాలుగో రోజున మైల్స్ పోయారు.

జాజ్, హిప్ హాప్ కలయికలో వినదగ్గవన్నీ ఆ తర్వాతే. 1993లో ర్యాపర్ గురు ‘జాజ్‌మటాజ్’, అందులో డొనాల్డ్ బర్డ్ ట్రంపెట్. అదే ఏడు డిగబుల్ ప్లానెట్స్ అనే హిప్ హాప్ గ్రూపు. ఆ పాటల్లో ర్యాపర్లకు జాజ్ మీద ఎలా పలకాలో తెలిసింది. ‘డూ-బాప్’ నాటికి ఆ పలికే తీరు ఇంకా కుదరలేదు, అందుకే ర్యాప్‌లో ఆ పొగడ్తలు. ఎల్పీ గారి ఫిర్యాదులో నిజముంది గానీ తప్పు ఈజీ మో బీది మాత్రమే కాదు, కాలానిది కూడా.

పాలకొల్లు_మూర్తి | రాత్రి 8:40

కుర్రాళ్లందరూ అటు పోతున్నారని మీరన్నారు గానీ, ట్రంపెటర్ వింటన్ మార్సాలిస్ సంగతి? అతనూ కుర్రాడే. సూటు వేసుకుని పాత జాజే అసలు జాజ్ అన్నాడు. 1986లో వాంకూవర్‌లో మైల్స్ వాయిస్తుంటే పిలవకుండా స్టేజీ ఎక్కాడు. మైల్స్ బ్యాండ్‌ను ఆపేసి, అతను దిగేదాకా మొదలుపెట్టలేదు. అరవై ఏళ్ల మనిషి కొత్తదాని వైపు, పాతికేళ్లవాడు పాతదాని వైపు. మా సభల్లో ఇలాంటిది చూడలేదు, ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

రాత్రిరేడియో | రాత్రి 9:30

ఇంతవరకూ వచ్చాక నా అభిప్రాయం రాస్తాను, ఒప్పుకోకపోతే కొట్టేయండి.

‘డూ-బాప్’ను పూర్తయిన ఆల్బమ్‌గా వింటే తేలిపోతుంది. దాన్ని మొదటి విడత పనిగా వినాలి. మామూలుగా అయితే ఏం జరిగేది? మైల్స్ ఊదారు. ఈజీ మో బీ ఆ ట్రంపెట్‌ను ఇంటికి తీసుకుపోయి బీట్ మార్చేవాడు. ఆయన ఆగిన చోట స్నేర్ డ్రమ్ తీసేసేవాడు, ఎగిరిన చోట బాస్ దించేవాడు. మైల్స్ మళ్లీ వచ్చి దాని మీద ఊదేవారు. రెండో విడత, మూడో విడత. అతను అలా చేయగలడని ‘హై స్పీడ్ చేజ్’ చెప్తోంది, వాల్తేరు గారు చూపించారు. మైల్స్‌కూ ఇలా చెక్కుకునే అలవాటు పాతదే. ‘బిచెస్ బ్రూ’ను గంటల కొద్దీ టేపులు కోసి అతికించి ప్రొడ్యూసర్ టియో మసెరో తయారుచేశాడు కదా. ఆ ఆరు పాటలకు ఆ అవకాశం దక్కలేదు. సంభాషణలో మొదటి వాక్యం మాత్రమే మనకు దొరికింది.

ఎల్పీ_పిచ్చోడు | రాత్రి 9:44

జరగనిదాన్ని ఊహించి మార్కులు వేస్తున్నారు. ఉన్నదానికి వేయండి. నేను పదికి అయిదు వేస్తా, అదీ ట్రంపెట్‌కే.

బీట్_బెజవాడ | రాత్రి 9:50

నేను ఏడు. ‘బ్లో’కు ఒకటి తీసేసి.

డల్లాస్_డప్పు | రాత్రి 10:15

రాత్రిరేడియో గారి మాటకు ఒక అడ్డు. రెండో విడత దాకా పోతే బీట్ మరీ నున్నగా తయారయ్యేదేమో. ‘టుటు’లో నాకు నచ్చనిది ఆ నునుపే. 2019లో ‘రబ్బర్‌బ్యాండ్’ చివరికి విడుదలైంది. పాత ప్రొడ్యూసర్లు, మైల్స్ మేనల్లుడు విన్స్ విల్బర్న్ కలిసి కొత్త వాద్యాలు, కొత్త గొంతులు చేర్చి పూర్తిచేశారు. ఎంతో శ్రద్ధగా చేశారు. అయినా ‘మిస్టరీ’లో ఉన్న ఆ గరుకుదనం నాకు అందులో దొరకలేదు. పూర్తి చేయడం వల్ల ప్రతిసారీ మేలే జరుగుతుందని నమ్మకం లేదు.

వాల్తేరు_వినికిడి | రాత్రి 10:32

అది కూడా నిజమే. ఇంకోటి గమనించారా, 1991 డిసెంబర్‌లో అమెరికా కోర్టు ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో తీర్పిచ్చింది, పాత రికార్డులోంచి తీసుకున్న ప్రతి శాంపిల్‌కూ ముందు అనుమతి తీసుకోవాల్సిందేనని. ఆ తర్వాత పాత రికార్డుల ముక్కలు ధారాళంగా వాడే రోజులు పోయాయి, ప్రతి ముక్కకూ బిల్లు. మైల్స్ బతికి ఉండి 1993లో ఇంకో ఆల్బమ్ చేసినా శబ్దం ఇలా ఉండేది కాదు.

కొత్తశ్రోత | ఆదివారం, ఉదయం 8:20

నిన్న రాత్రి మొత్తం విన్నాను. ముందు ‘చాక్లెట్ చిప్’, తర్వాత మొదటి నుంచి చివరి దాకా. ర్యాప్ పాటలు నాకు అంత చెడ్డగా అనిపించలేదు, ఆ కాలం పాటలు అలాగే ఉంటాయి కదా. కానీ ట్రంపెట్ ఆగిన చోటల్లా నాకు తెలియకుండానే తల ఊగుతోంది. ‘నెఫెర్టిటి’ కూడా విన్నా. మొదట ఏం జరుగుతుందో అర్థం కాలేదు, డ్రమ్స్ మీద దృష్టి పెట్టాక దొరికింది. ఇప్పుడు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పెట్టమంటారా, లేక ఈ జాజ్-హిప్ హాప్ దారిలోనే ముందుకు పొమ్మంటారా?

ఎల్పీ_పిచ్చోడు | ఉదయం 8:24

‘కైండ్ ఆఫ్ బ్లూ’. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా.

బీట్_బెజవాడ | ఉదయం 8:41

ముందుకే పో తమ్ముడూ. ట్రంపెటర్ రాయ్ హార్గ్రోవ్ ‘హార్డ్ గ్రూవ్’, 2003, ఆర్‌హెచ్ ఫ్యాక్టర్ అనే బ్యాండ్ పేరుతో. ట్రంపెట్, హిప్ హాప్, అంతా మనుషులే వాయించారు. రాత్రిరేడియో గారు వెతికే బదులు అక్కడ బోలెడంత దొరుకుతుంది. ఆ తర్వాత ర్యాపర్ కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ నువ్వు వినే ఉంటావు. ఈసారి వెనక వాయిస్తున్నవాళ్ల మీద చెవి పెట్టు.

రాత్రిరేడియో | ఉదయం 9:02

‘హార్డ్ గ్రూవ్’కు వేరే థ్రెడ్ తెరుస్తున్నా, అక్కడికి రండి. మూర్తి గారూ, మీరు ముందు వినేసి హార్గ్రోవ్ ఎక్కడెక్కడ ఆలస్యంగా అందుకుంటాడో రాసి పెట్టండి.